పేరు ఒక తీరమున, రోగి వేరొక తీరమున

*శ్రీకాకుళపు మత్స్యకారుడు ఏటా తొమ్మిది మాసములు గుజరాతు సముద్రముపై బ్రతుకును. అతని ఆరోగ్యపు లెక్క మాత్రము ఊరి ఉపకేంద్రపు రిజిస్టరులోనే ఉండిపోవును. వేటకు పోయినవానిని వెదకుకొని వైద్యము పోవలసిన కాలము రాలేదా?*

ఆషాఢము వెనుకబడి శ్రావణము జొచ్చునప్పటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సముద్రతీర గ్రామములలో మగవారి అలికిడి పలుచబడును. బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం, బడివానిపేట మొదలైన ఊళ్ల నుండి, మీసము మొలచీ మొలవని కుర్రవాడు మొదలుకొని మనుమలనెత్తుకొన్న పెద్దవాని వరకు, బోటును నడుపు నాయకుడైన తండేలు చెప్పిన తేదీకి సంచి సర్దుకొని, రైలెక్కి, దాదాపు రెండువేల కిలోమీటర్ల ఆవలనున్న సౌరాష్ట్రపు వేరావల్ రేవు చేరుదురు. సోమనాథ క్షేత్రమునకు అతిసమీపమున నున్న ఆ రేవు దేశములోని అతిపెద్ద చేపల రేవులలో నొకటి. అచ్చటి బోట్లు పెక్కింటికి యజమానులు ఖార్వా కులస్థులు. వాటిపై వలలు దించి, ఎత్తి, చేపలనేరి, ఐసులో పేర్చు చేతులు మాత్రము అనేక జిల్లాల నుండి, అనేక రాష్ట్రముల నుండి వచ్చినవి. వానిలో మనవారి చేతులు వేలకొలది.

సముద్రము ముంగిటనే యున్నవారు వేరొక సముద్రమునకు కూలికేల పోవలెనను సందేహము కలుగవచ్చును. 190 కిలోమీటర్లకు పైబడిన తీరము కలిగియు, పెద్ద మరబోట్లు నిశ్చింతగా నిలువదగిన చేపల రేవు శ్రీకాకుళం జిల్లాకు లేకపోయినది. తెప్పనైనను, ఫైబరు పడవనైనను ఇసుకపైకి లాగుకొని కాపాడుకొనవలసినదే. కడలి కల్లోలమై వేట సాగని వారములలో అప్పు పెరుగును. ఆ అప్పును సీజను అడ్వాన్సు తీర్చును. అడ్వాన్సు తీసికొన్నవాడు సీజను ముగియువరకు ఆ బోటునకు బద్ధుడు. ఒంట్లో బాగులేదని మధ్యలో దిగిపోవుటకు అతనికి వీలులేదు. ఈ కట్టుబాటును ఎరుగనిదే అతని అనారోగ్యము మనకు అర్థము కాదు.

2018 నవంబరులో ఈ పల్లెల వారు కొందరు పాకిస్తాను సముద్రభద్రతా దళమునకు చిక్కి, కరాచీ చెరసాలలో మగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలయిరి. ఆ ఉదంతము ఆధారముగా 2025లో ‘తండేల్’ చలనచిత్రము వచ్చిన పిమ్మట, తండేలు ఎవరో, అతని వెంట పోవు కలాసీలు ఎవరో తెలుగువారందరికి తెలిసినది. సరిహద్దు దాటిన బోటు కథ అట్లు లోకమునకెక్కినది. సరిహద్దు దాటకయే బోటులో చీము పట్టిన వ్రేలికి, ఎవరును గుర్తింపని క్షయకు, మూడు మాసములుగా వేసికొనని రక్తపోటు మాత్రకు కథ లేదు. ఈ వ్యాసము వానిని గూర్చినది.

ఒడ్డు కనబడని వార్డు

రేవు విడిచిన ట్రాలరు సాధారణముగా పదిహేను మొదలు ఇరువదియైదు దినముల వరకు తిరిగిరాదు. ఏడెనిమిదిమంది మనుష్యులు, ఒక ఇంజను, ఒక వంటపొయ్యి, కొలిచి వాడుకొనవలసిన మంచినీరు, టన్నులకొలది ఐసు, ఇదియే ఆ ప్రపంచము. పగలనక రేయనక కొన్ని గంటలకొకమారు వల పైకి రావలసియుండుటచే ఏ ఒక్కరికిని తెంపులేని నిద్ర ఉండదు. ఉప్పునీటి స్నానముచే చర్మమున తామర వ్యాపించును. నీటిపై మెరయు ఎండకు కంటి తెల్లగ్రుడ్డు మీదికి కండ పెరుగును. ఇంజను గదిలో ఏండ్లు గడపినవాని చెవి మందగించును. ఇవి మెల్లగా వచ్చు వ్యాధులు. వించిలో చిక్కిన త్రాడు మాత్రము రెప్పపాటులో వ్రేలు తీసికొనిపోవును. చేపలు క్రుళ్లిన కొట్టు అడుగున విషవాయువు చేరి ప్రాణవాయువు తరిగియుండగా, అందు దిగి ఒకడు స్పృహ తప్పును. వానిని పైకి లాగుటకై దిగిన రెండవవాడును అక్కడనే కూలును. గాలి ఆడనిచ్చిన పిదపనే దిగవలెనని, పడినవానికై గ్రుడ్డిగా ఉరుకరాదని చెప్పువారుండినచో తప్పిపోవు మరణములివి.

తండేలు తలాపున ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండును. పారాసిటమాలు రెండు రేకులు, నొప్పిబిళ్లలు, వాంతుల బిళ్లలు, తలనొప్పి బామ్, గడువు తేదీ చెరిగిపోయిన ఆయింట్‌మెంటు గొట్టము, ఇంతే ఆ బోటు ఆసుపత్రి. “ఒళ్లు కాలిపోతంది మావా” అని కుర్ర కలాసీ మూలిగినచో, “బిళ్లేసుకొని తొంగో, తెల్లారికి తగ్గిపోద్ది” అను జవాబు వచ్చును. తండేలు కఠినచిత్తుడై అట్లనుట కాదు. ఒక్కని జ్వరమునకై బోటు వెనుకకు త్రిప్పినచో కాలిపోవు డీజిలునకు, పోయిన వేటకు యజమాని ఎదుట సమాధానము చెప్పుకొనవలసినవాడు అతడే. ఆ తెల్లవారి జ్వరము తగ్గవచ్చును; తగ్గకపోయినచో అది మలేరియాయో, టైఫాయిడో, మరి యేదియో తేల్చు సాధనము నడిసముద్రమున లేదు.

జెల్లచేప ముల్లు గ్రుచ్చుకొనుట ఈ వృత్తిలో నిత్యకృత్యము. ముల్లునందలి విషము బాధతో చేతిని మొద్దుబార్చును. గాయముపై డీజిలు పోసి గుడ్డ చుట్టి మరల వల దగ్గరకు పోవుట పలువురి అలవాటు. ఆ విషము వేడికి నశించు స్వభావము కలది. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో, చర్మము కాలకుండ చూచుకొనుచు, అరగంట మొదలు గంటన్నర వరకు చేతిని ఉంచినచో బాధ ఆశ్చర్యకరముగా శమించును; ఆపైన లోపల విరిగిన ముల్లుతునకను తీసి, మంచినీటితోను సబ్బుతోను కడిగి, ఒడ్డు చేరిన వెంటనే ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. ఎరుపు మోచేతివైపు ప్రాకుచున్నను, నీటిపొక్కులు లేచుచున్నను జాగు చేయరాదు. గోరువెచ్చని ఉప్పునీట వసించు విబ్రియో జాతి సూక్ష్మజీవులు గాయములో ప్రవేశించి, కాలేయము చెడినవారిని, మధుమేహము కలవారిని గంటల వ్యవధిలో ప్రాణాపాయమునకు ఈడ్వగలవు. వేడినీటికి పొయ్యి ప్రతి బోటులోను ఉన్నది; చెప్పిన మనిషియే లేడు.

నడుమునొప్పి, కీళ్లనొప్పి ఈ పనికి సహజములగుటచే నొప్పిబిళ్ల రోజువారీ ఆహారములో భాగమైపోవును. చాలినంత మంచినీరు త్రాగక, ఎండలో చెమటోడ్చుచు, డైక్లోఫెనాకు వంటి మాత్రలను నెలల తరబడి మ్రింగుట మూత్రపిండములకు హానికరము. కారణము ఇదమిత్థమని తేలని మూత్రపిండ వ్యాధితో దశాబ్దములుగా కునారిల్లుచున్న ఉద్దానపు సీమ ఈ శ్రీకాకుళం జిల్లాలోనిదే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతముల నుండి సముద్రమునకు పోవు మనిషికి రేవు విడుచుటకు ముందొక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష చేయించుట ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

చేపలలో పుట్టి చేపలలో పెరుగువానికి పోషకాహార లోపమేమిటని తలచువారు 2005లో థాయిలాండు మత్స్యకారులకు జరిగినది తెలిసికొనవలెను. నెలల తరబడి ఒడ్డు చేరక, బాగుగా పాలిషుపట్టిన బియ్యపన్నమును చేపలను మాత్రమే తినుచు గడపిన ఆ నావికులలో బెరిబెరి వ్యాధి ప్రబలెను. గత శతాబ్దముతోనే అంతరించినదనుకొన్న రోగము, విటమిన్ బి1 చాలకపోవుట చేతనే, మన కాలపు బోటులోనికి తిరిగివచ్చినది.

పిలిచిన వేళకు పలుకని పేరు

మన ప్రాథమిక వైద్యవ్యవస్థ అంతయు నివాసముపై నిర్మింపబడినది. 1946లో భోర్ సంఘము వేసిన పునాదిపై లేచిన ఆ కట్టడములో నేటికిని మైదానప్రాంతమున 30,000 జనాభాకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 5,000 జనాభాకొక ఉపకేంద్రము, సుమారు వెయ్యిమందికొక ఆశా కార్యకర్త అను కొలత చెల్లుచున్నది. ఇల్లు కదలదు గనుక మనిషియు కదలడని ఆ కొలత విశ్వసించినది. 1978 సెప్టెంబరులో సోవియట్ యూనియనులోని అల్మా-ఆటా నగరమున సమావేశమైన దేశములు ప్రాథమిక ఆరోగ్యమును నిర్వచించినపుడు, వైద్యము ప్రజలు నివసించు చోటికే కాక పనిచేయు చోటికిని సాధ్యమైనంత సమీపమునకు రావలెనని విస్పష్టముగా పలికినవి. నివసించు చోటిని మనము పట్టుకొంటిమి. పనిచేయు చోటిని విడిచితిమి.

దీని ఫలితము పల్లెలో ఏ నెలనైనను చూడవచ్చును. నియమిత దినమున 104 సంచార వైద్యపు బండి రామమందిరము ఎదుట ఆగును. రక్తపోటు, మధుమేహము కలవారి పేర్లు ఒక్కొక్కటిగా పిలువబడును. ఒక పేరునకు మగగొంతు పలుకదు. “ఆయన ఊళ్లో లేడమ్మా, గుజరాతులో ఉన్నాడు, బిళ్లలిస్తే ఎవరైనా ఎల్తే పంపిస్తాను” అని భార్య ముందుకు వచ్చును. రక్తపోటు చూడనిదే మాత్రలివ్వరాదని నర్సుకు నియమము. చూచుటకు మనిషి అరేబియా సముద్రముపై నున్నాడు. నియమమును సడలించి ఇచ్చినను ఆ రేకులు పోవుటకు ఇంకొక కలాసీ ప్రయాణము కావలెను. ఫోనులో భర్తను అడిగినచో “బాగానే ఉన్నాను, డబ్బులందాయా?” అను మాటయే వినబడును. సంసారమును, అప్పును, ముసలివారిని, కడుపులోని బిడ్డను మోయుచున్న ఆమె రక్తహీనతను అడుగువారు ఆ ఫోనుకు రెండు చివరలను లేరు.

వేరావల్ వైపున పరిస్థితి దీనికి ప్రతిబింబము. రెండు వేటల నడుమ బోటు ఒడ్డున నిలుచునది రెండు మూడు దినములే. చేపలు దింపుట, వలలు బాగుచేయుట, ఐసు, డీజిలు, బియ్యము ఎక్కించుట ఆ దినములలోనే జరుగవలెను. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ తీయు ఉదయకాలమే రేవులో పని ఒత్తిడి అధికమైన కాలము. వెళ్లినను, వైద్యుడు గుజరాతీలో అడిగినదానికి వచ్చీరాని హిందీలో బదులు చెప్పి, గుండెలో మంటకును గుండెనొప్పికిని నడుమ భేదమును చేతులతో అభినయించి చూపవలెను. కనుకనే సాయంకాలము తెరచియుండు చోట, ఎవడో యొకడు వేయు సూదికిని ఎక్కించు సెలైనుకును కూలిడబ్బులు పోయుట వలసకూలీలకు వాడుకయైనది. అక్కడి ఆరోగ్య కార్యకర్త ఇంటింటికి పోవును. బోటుబోటునకు పోవలెనని ఆమె విధులలో లేదు.

క్షయ విషయమున మాత్రము ఒక మార్గము ఏర్పడియున్నది. 2012లో మొదలైన నిక్షయ్ వ్యవస్థలో పేరు నమోదైన రోగి ఒక జిల్లాలో ఆరంభించిన చికిత్సను మరియొక రాష్ట్రమునకు మార్చుకొని కొనసాగింపవచ్చును. కాగితము రోగి వెంట నడచును. ఆరు మాసములు తప్పక మ్రింగవలసిన మందులు మధ్యలో ఆగిపోయినచో మొండిక్షయ పుట్టునను భయముచే ఆ ఏర్పాటు కలిగినది. రక్తపోటునకు, మధుమేహమునకు, గర్భిణి పరీక్షలకు అదే ఏర్పాటు ఎంతమాత్రమును అసాధ్యము కాదు. 2021లో దేశమంతటికి విస్తరింపబడిన ఆభా అను ఆరోగ్య ఖాతా సంఖ్య ఈ ఉద్దేశముతోనే పుట్టినది. రేవులో దానిని తెరచి చూచు మనిషి యుండవలెను.

చావునకు ధర కట్టిన చట్టము

మత్స్యకారునికి రక్షణయే లేదనుట సత్యము కాదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద ప్రమాద బీమా కలదు: మరణమునకు, సంపూర్ణ అంగవైకల్యమునకు 5 లక్షల రూపాయలు, శాశ్వత పాక్షిక వైకల్యమునకు 2.5 లక్షలు, ప్రమాదమున ఆసుపత్రి ఖర్చునకు 25,000. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు ఏ రాష్ట్రమునందైనను చెల్లునట్టిది. అయితే ఈ రెండును మంచమెక్కినవానికే, ప్రాణము పోయినవానికే పనికివచ్చును. ధనుర్వాతపు సూది, మూత్రపరీక్ష, రక్తపోటు మాత్ర, దగ్గునకు కఫపరీక్ష, ఇవి ఆసుపత్రిలో చేరి పొందవలసినవి కావు గనుక బీమా పరిధిలోనికి రావు. చౌకగా నివారింపగలిగిన దశలో మనిషిని విడిచిపెట్టి, ఖరీదైన దశలో చేయందించు పద్ధతి ఇది.

చట్టముల తీరును ఇంతకంటె భిన్నముగా లేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము, పనివారికి ఉచిత వైద్యసౌకర్యము కల్పింపవలెనని, ఘోర ప్రమాదము జరిగినచో రెండు రాష్ట్రముల అధికారులకును బంధువులకును తెలుపవలెనని కంట్రాక్టరును శాసించినది. ఊరిలో అడ్వాన్సు పంచి మనుష్యులను కూర్చు తండేలు లైసెన్సు పొందిన కంట్రాక్టరు కాడు, వారితోపాటు వల లాగు సహకూలి. కార్మికుల బీమాయైన ఈఎస్ఐ సామాన్యముగా పదిమంది పనివారున్న సంస్థకు వర్తించును, బోటులో ఏడెనిమిదిమంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఆమోదించి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చిన 188వ ఒడంబడిక, వేటకు పోవువానికి వైద్యపరీక్ష, బోటులో తగిన మందుల పెట్టె, ప్రథమచికిత్స నేర్చినవాడొకడు ఉండవలెనని చెప్పుచున్నది. భారతదేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు.

భయము తెచ్చిన గుర్తింపు

వలసకూలి ఆరోగ్యము ప్రభుత్వములకు ఎప్పుడు స్మరణకు వచ్చినదో పరిశీలించినచో ఒక చేదు నిజము బయటపడును. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమము వలసకూలీని, లారీ డ్రైవరును ఒక జనము నుండి మరియొక జనమునకు రోగమును చేరవేయు వారధిగా లెక్కించి, వారికై ప్రత్యేక సేవలు నెలకొల్పినది. ఆ సేవలు ఎందరినో కాపాడినవి. అయినను రోగిగా కాక రోగవాహకునిగా అతడు మొదట లెక్కకెక్కెను.

థాయిలాండులోని సముత్ సాఖోన్ మన వేరావల్‌ను పోలిన మత్స్యకేంద్రము. బర్మా నుండి వచ్చిన కూలీలచే నడచునది. ఆ దేశము 2001 నుండియే వలసకూలీలకు ఆరోగ్య బీమా కార్డు ఏర్పరచి, వారిలో నుండియే బర్మా భాష తెలిసిన ఆరోగ్య స్వచ్ఛంద సేవకులను, ఆసుపత్రులలో దుబాసీలను నియమించినది. ఐరోపా సమాఖ్య 2015లో థాయి చేపలకు హెచ్చరిక జారీచేసి ఎగుమతులకు ముప్పు తెచ్చిన పిమ్మట సంస్కరణలు వేగమంది, 2019 జనవరిలో ఆసియాలోనే ప్రథమముగా ఆ దేశము 188వ ఒడంబడికను ధ్రువీకరించెను. అయినను 2020 డిసెంబరులో అక్కడి రొయ్యల విపణిలో కోవిడ్ వ్యాపించినపుడు కూలీల వసతిగృహముల చుట్టును ముళ్లకంచె వెలసినది. కార్డు ఇచ్చినంత మాత్రమున అనుమానము పోదు. అయినను, భాష తెలిసిన సేవకుడు ముందే యుండినచో ఆపత్కాలమున మాట చేరుటకు ఒక దారి యుండును. మనము నేర్వవలసిన భాగమిది. మన దేశములో కేరళ 2017లో ‘ఆవాజ్’ అను పేర వలసకూలీలకు బీమా పథకము పెట్టి ఆ దిశగా ఒక అడుగు వేసినది.

గుజరాతును వ్రేలెత్తి చూపుటకు ముందు మన గుమ్మము కూడ చూచుకొనవలెను. కాకినాడ, భీమవరం ప్రాంతపు రొయ్యల శుద్ధి కర్మాగారములలో ఉత్తరాంధ్ర నుండి, ఒడిశా నుండి వచ్చిన యువతులు చల్లని గదులలో గంటలకొలది నిలుచుండి, మంచునీటిలో రొయ్య పొట్టు ఒలిచి, వ్రేళ్ల సందులు పాసి పుండ్లు పడుచుండగా పనిచేయుచున్నారు. వారి నెలసరి బాధ, మూత్రమార్గపు వ్యాధి, రక్తహీనత ఏ గ్రామపు రిజిస్టరులో నమోదగుచున్నవి? వేరావల్‌లో మనవారికి ఏది కోరుదుమో అది మన రేవులలో పరాయివారికి ముందుగా ఇచ్చి చూపుట న్యాయము.

నిషేధకాలమే వైద్యకాలము

ఈ చిక్కునకు తాళపుచెవి సముద్రపు పంచాంగములోనే యున్నది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడమటి తీరమున జూన్ 1 నుండి జూలై 31 వరకు వేట నిషిద్ధము. ఇటీవల గుజరాతు దానిని ఆగస్టు నడుమ వరకు పొడిగించినది. అనగా వేరావల్ కలాసీ ఏటా జూన్, జూలై మాసములలో తప్పక ఇంట నుండును. వేలమంది ఒకేమారు, ఒకే తీరమున, తీరికతో నుండు ఈ రెండు మాసములను వైద్యశాఖ తన సీజనుగా భావింపవలెను.

ఆ కాలమున ప్రతి తీరగ్రామమునను రక్తపోటు, చక్కెర, మూత్రపిండములు, కన్ను, చెవి, కఫము పరీక్షించి, ధనుర్వాతపు సూది వేసి, ఫలితములను ఆభా ఖాతాలో ఎక్కింపవచ్చును. దీర్ఘరోగము కలవానికి మూడు మాసముల మాత్రలు చేతికిచ్చి, మిగిలినవి వేరావల్ ఆరోగ్య కేంద్రమున అదే సంఖ్యపై లభించునట్లు చేయవచ్చును. ప్రతి తండేలుకు మూడు దినముల ప్రథమచికిత్స శిక్షణ ఇచ్చి, తెలుగులో వ్రాసిన సూచనాపత్రముతో మందుల పెట్టె అందింపవచ్చును: జెల్లముల్లునకు ఏమి చేయవలెను, రక్తము ఎట్లు ఆపవలెను, ఏ లక్షణము కనబడినచో డీజిలు లెక్క చూడక బోటు త్రిప్పవలెను. ఆ చివరి మాట యజమానికిని ముందే తెలిసియుండవలెను. పెట్టెలేని బోటునకు సీజను ప్రారంభమున అనుమతి ఇవ్వరాదు.

వేరావల్‌లో చేయవలసినది ఇంతకంటె స్వల్పము. రేవులోనే సాయంకాలము తెరచియుండు ఒక చిన్న వైద్యశాల, తెలుగు, గుజరాతీ రెండును వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆరోగ్య కార్యకర్తలు. వలలతో పోవు ఓపిక తగ్గిన పాత కలాసీలు, అక్కడ ఏండ్లుగా ఉండి గుజరాతీ పట్టుబడినవారు ఇందులకు మిక్కిలి తగినవారు. జీతము ఎవరిదను వివాదము రాకుండ, పంపు రాష్ట్రము సగము, పుచ్చుకొను రాష్ట్రము సగము భరించునట్లు ఒడంబడిక వ్రాసికొనవచ్చును. ఎగుమతులపై ఆర్జించు బోటు యజమానుల సంఘములను కూడ అందు చేర్చవచ్చును.

రెండు రాష్ట్రములు ఇట్లు కలసి పనిచేయజాలవని అనువారికి 2020 వేసవిని జ్ఞప్తి చేయవలెను. లాక్‌డౌను ప్రకటింపబడి, నాలుగువేలకు పైగా తెలుగు మత్స్యకారులు వేరావల్ రేవులో నిలిచిన బోట్లపైననే వారముల తరబడి ఇరుకున గడపినపుడు, రెండు ప్రభుత్వములు మాట్లాడుకొని, జాబితాలు సిద్ధపరచి, పదులకొలది బస్సులు నడపి వారిని ఇండ్లకు చేర్చినవి. ఏ బోటుపై ఎవరున్నారో ఆ నాడు లెక్క తేలినది. ఏ ఊరివాడు ఎవడో తెలిసినది. ఆ జాబితా ప్రతి ఆగస్టులోను తయారుకావలెను. మహమ్మారి వచ్చిననాడు రెండువేల కిలోమీటర్ల దూరమును దాటగలిగిన ప్రభుత్వమునకు మామూలు జ్వరము వచ్చిననాడు దాటుట అంతకంటె సులభమే. ఆ జ్వరమును తన బాధ్యతగా వ్రాసికొనుట ఒక్కటే మిగిలియున్నది.